ఎన్ని ఉద్యోగాలు? ఎన్నాళ్ల ఉద్యోగాలు?

విజయనగరం జిల్లా భోగాపురం విమానాశ్రయానికి రెండు శంకుస్థాపనలు జరిగాయి. 2019 ఫిబ్రవరి 14న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఒకసారి, 2023 మే 3న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్‌ రెడ్డి మరోసారి రాయి వేశారు. 2026 జనవరి 4న ఢిల్లీ నుంచి వచ్చిన విమానం పరీక్ష కోసం ఇక్కడ దిగింది. రన్‌వే పొడవు 3,800 మీటర్లు. అనుమానం ఉన్నవాళ్లు కొలిచి చూసుకోవచ్చు. ఈ విమానాశ్రయం ఎంతమందికి పని ఇచ్చింది, ఎన్నాళ్లు ఇచ్చింది అన్న ప్రశ్నకు అలా కొలిచి చెప్పే జవాబు మాత్రం దొరకదు.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఈ ప్రశ్న ఊరికే వచ్చింది కాదు. ఇక్కడి పల్లెల్లో వలస వెళ్లని ఇల్లు అరుదు. 2014 జూన్‌ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వారిలో చాలామంది ఈ రెండు జిల్లాల కూలీలే. గుజరాత్‌లోని వెరావల్‌ రేవు నుంచి వేటకెళ్లి పాకిస్థాన్‌ జైల్లో పడిన మన జాలర్లు 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. ఇలాంటి చోట వేలాది ఉద్యోగాలు వస్తున్నాయని పేపర్లో రాస్తే, వలస పోయిన కొడుకు తిరిగొస్తాడని ఆశపడే తల్లి ఆ వార్త చదువుతుంది. అందుకే ఆ అంకె తప్పు కాకూడదు.

ముందు డబ్బు లెక్క చూద్దాం. భోగాపురం మొదటి దశకు వేసిన అంచనా 4,592 కోట్ల రూపాయలు. దీన్ని ప్రభుత్వ ఖర్చుగా రాసిన వార్తలు కనిపిస్తాయి. అది పొరపాటు. ఇది ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టినది. నిర్మాణం, నిర్వహణ రాజాంలో పుట్టిన గ్రంధి మల్లికార్జునరావు స్థాపించిన జీఎంఆర్‌ సంస్థవి. జాతీయ పెట్టుబడి, మౌలిక వసతుల నిధి ఇందులో 675 కోట్లు పెట్టడానికి ఒప్పుకుంది. రాష్ట్రం భరించింది భూసేకరణ, పునరావాసం, రోడ్డు, నీరు, కరెంటు. ఈ రెండు పద్దులనూ కలిపేస్తే ప్రజల సొమ్మెంతో, కంపెనీ తెచ్చుకున్న అప్పెంతో తెలియకుండా పోతుంది.

నికరంగా ప్రభుత్వ సొమ్మే అయిన చోట చిక్కు ఇంకా పెద్దది. ఒకే రూపాయి పరిపాలనా అనుమతి వచ్చిన రోజు ఒక వార్త అవుతుంది. బడ్జెట్‌ అంచనాలో చేరినప్పుడు రెండో వార్త, విడుదల ఉత్తర్వు వచ్చినప్పుడు మూడో వార్త. ఈలోగా కాంట్రాక్టరు బిల్లును ప్రభుత్వ చెల్లింపుల వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్‌లో పెట్టి నెలల తరబడి ఎదురుచూస్తుంటాడు. మేస్త్రికి డబ్బు అందదు, మేస్త్రి కూలీకి ఇవ్వలేడు. సంవత్సరాఖరులో కొంత సొమ్ము పీడీ (వ్యక్తిగత డిపాజిట్‌) ఖాతాకు మారితే పుస్తకంలో ఖర్చయినట్టే కనిపిస్తుంది. ఖాతాలో మాత్రం కదలకుండా ఉంటుంది. కాగ్‌ నివేదికలు ఈ పద్ధతిని పదే పదే తప్పుబట్టాయి. అంచనా, సవరించిన అంచనా, అసలు లెక్క అని మూడు వరుసలు బడ్జెట్‌ పుస్తకాల్లో ఉంటాయి. మొదటి వరుస చూసి రాసేవాళ్లం చాలామందిమి. రెండేళ్లు ఆగి మూడో వరుస చూసి రాసేవాళ్లు అరుదు.

2020 మేలో కేంద్రం ప్రకటించిన ఆత్మనిర్భర్‌ ప్యాకేజీ దీనికి పెద్ద ఉదాహరణ. మొత్తం 20,97,053 కోట్లన్నారు. అందులో 8,01,603 కోట్లు రిజర్వు బ్యాంకు అప్పటికే చేపట్టిన ద్రవ్య లభ్యత చర్యలు. చిన్న పరిశ్రమల రుణాలకు ప్రభుత్వం హామీ పడిన మొత్తం మరో 3 లక్షల కోట్లు. బ్యాంకు ఇచ్చే అప్పుకు హామీ ఉండటం వేరు, ఖజానా నుంచి సొమ్ము కదలడం వేరు. ఆ ప్యాకేజీలో పల్లె కూలీ చేతికి నేరుగా చేరగలిగింది ఉపాధి హామీకి అదనంగా ఇచ్చిన 40,000 కోట్ల లాంటి పద్దులే. పతాక శీర్షికలో అది కనిపించలేదు.

ఎవరి మస్టర్లో ఎవరి పేరు

ఇక ఉద్యోగాల సంగతి. భోగాపురంలో నిర్మాణ కాంట్రాక్టు ఎల్‌ అండ్‌ టీది. ఇంత పెద్ద పనుల్లో ప్రధాన కాంట్రాక్టరు కింద ఉప కాంట్రాక్టర్లు, వారి కింద మేస్త్రీలు, మేస్త్రి వెంట ఒక జట్టు ఉంటారు. ఎవరిని అడిగామన్న దాన్ని బట్టి జవాబు మారిపోతుంది. కంపెనీ జీతాల పట్టీ అడిగితే కొద్దిమందే ఉంటారు. గేటు దగ్గర పాసుల లెక్క అడిగితే వేలమంది ఉంటారు. ఏడాది పొడవునా వచ్చిపోయిన వాళ్లందరినీ కూడితే ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది. ఆరు నెలల్లో మూడు జట్లు మారితే ఒకే పని ముగ్గురి ఉద్యోగమై కూర్చుంటుంది. ఈ లెక్కల్లో ఏదీ అబద్ధం కాదు. ఏ లెక్కో చెప్పకపోవడమే మనం చేస్తున్న తప్పు.

ప్రభుత్వ సర్వేల్లోనూ ఈ తేడా ఉంది. జాతీయ గణాంక కార్యాలయం నిర్వహించే శ్రామిక సర్వేలో వారం లెక్క ప్రకారం, గడిచిన ఏడు రోజుల్లో ఒక్క గంట పని చేసినవారూ ఉపాధి ఉన్నవారే. పీఎఫ్‌ సంస్థ 2018 నుంచి నెలనెలా ఇస్తున్న కొత్త చందాదారుల సంఖ్యను కొత్త ఉద్యోగాల సంఖ్యగా రాస్తుంటారు. ఒక చిన్న ఫ్యాక్టరీలో పనివాళ్లు పంతొమ్మిది నుంచి ఇరవైకి పెరగ్గానే దానికి పీఎఫ్‌ చట్టం వర్తిస్తుంది. కొత్తగా చేరింది ఒక్కడే. చందాదారులుగా లెక్కకెక్కేది ఇరవై మంది.

ఒప్పందాల అంకెలైతే ఇంకా జాగ్రత్తగా చూడాలి. 2023 మార్చిలో విశాఖ పెట్టుబడిదారుల సదస్సులో సుమారు 13.05 లక్షల కోట్ల ఒప్పందాలు, 6 లక్షల ఉద్యోగాలు అని అప్పటి ప్రభుత్వం చెప్పింది. 2025 నవంబరులో అదే విశాఖలో జరిగిన భాగస్వామ్య సదస్సులో సుమారు 13.25 లక్షల కోట్లు, 16 లక్షల ఉద్యోగాలు అని ఇప్పటి ప్రభుత్వం చెప్పింది. పెట్టుబడి ఇంచుమించు అంతే, ఉద్యోగాలు రెండున్నర రెట్లు దాటాయి. రంగాలు మారితే నిష్పత్తి మారవచ్చు, కాదనను. ఎలా మారిందో మాత్రం ఎవరైనా విడమరచి చెప్పాలి. పార్టీలకు అతీతంగా అడగాల్సిన ప్రశ్న ఇది. ఏ పార్టీ అభిమాని అయినా అవతలి పార్టీ అంకెను మాత్రమే అనుమానిస్తాడు. పత్రిక ఆ పని చేయకూడదు.

అమెరికా ఇదే పాఠం బహిరంగంగా నేర్చుకుంది. 2009 ఫిబ్రవరిలో ఒబామా ప్రభుత్వం 787 బిలియన్‌ డాలర్ల ఉద్దీపన చట్టం తెచ్చి, డబ్బు తీసుకున్న ప్రతి సంస్థా మూడు నెలలకోసారి లెక్క చెప్పాలంది. ఆ అక్టోబరులో 6.4 లక్షల ఉద్యోగాలు వచ్చాయనో, నిలిచాయనో ప్రకటించారు. విలేకరులు జాబితా తీసి చూస్తే, ఎనిమిదే నియోజకవర్గాలున్న అరిజోనాలో 15వ నియోజకవర్గం పేరిట ఉద్యోగాలు కనిపించాయి. జాబితా మొత్తం అందరికీ అందుబాటులో ఉంచారు కనుకనే ఆ తప్పు బయటపడింది. డిసెంబరులో పద్ధతే మార్చేశారు. ఎవరి ఉద్యోగం నిలిచిందన్న ఊహను వదిలి, ఆ డబ్బుతో ఎన్ని గంటల పనికి జీతమిచ్చారో లెక్కించి, దాన్ని పూర్తికాలపు ఉద్యోగాలుగా మార్చి చెప్పమన్నారు.

ఈ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. 2006లో ఉపాధి హామీ మొదలైన తొలి విడత జిల్లాల్లో విజయనగరం ఉంది. మరుసటి ఏడాది శ్రీకాకుళం చేరింది. ఆ పథకంలో పనిని ఉద్యోగాలుగా కాకుండా పనిదినాలుగా లెక్క కట్టారు. ఏ కుటుంబానికి ఎన్ని రోజులు, ఎంత కూలి అన్నది మస్టర్లో పేరు పేరునా ఉండేది. సామాజిక తనిఖీలో ఆ మస్టరు ఊళ్లోనే చదివి వినిపించేవారు. చనిపోయిన వాళ్ల పేరిట, ఊళ్లో లేని వాళ్ల పేరిట పడిన హాజర్లు అలాగే దొరికాయి. లోపాలు లేవని కాదు. దొంగ మస్టర్లు చాలానే పుట్టాయి. అయినా పట్టుకునే దారి ఒకటుండేది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో 125 రోజుల హామీతో కొత్త చట్టం తెచ్చింది. ఆ దారి ఇందులోనూ మిగలాలి. చెట్టు కింద కూర్చున్న కూలీలకు తమ లెక్క వినే హక్కు ఉన్నప్పుడు, వేల కోట్ల ప్రాజెక్టుల గురించి చదివే పాఠకుడికి ఆ హక్కు ఎందుకుండకూడదు?

పోయిన పనుల లెక్క

భోగాపురం విషయంలో ఎవరూ రాయని మరో పద్దు ఉంది, తీసివేత పద్దు. 2015లో 15 వేల ఎకరాల మాటతో మొదలైన భూసేకరణ, రైతులు ఎదురు తిరిగాక తగ్గుతూ వచ్చింది. ఆ నేలలో జీడిమామిడి, కొబ్బరి, సరుగుడు తోటలుండేవి. జీడిపిక్కలు ఏరిన ఆడవాళ్లు, కొబ్బరి దింపినవాళ్లు, సరుగుడు నరికినవాళ్లు ఎవరి జీతాల పట్టీలోనూ లేరు. అందుకే వాళ్ల పని పోయినప్పుడు ఏ అంకె నుంచీ ఏమీ తగ్గలేదు. వచ్చిన పనులు రాసి, పోయిన పనులు రాయకపోతే అది సగం లెక్కే. ఆ భూమి మీద మూడేళ్లుగా బతుకుతున్న కూలీలను, కౌలు రైతులను కూడా 2013 భూసేకరణ చట్టం బాధితులుగా గుర్తిస్తుంది. ఒక్కో కుటుంబం ఉద్యోగమో, 5 లక్షల రూపాయలో, నెలకు 2,000 చొప్పున ఇరవయ్యేళ్ల భృతో కోరుకోవచ్చంటుంది. ఆ కుటుంబాల్లో ఎవరు ఏది కోరుకున్నారో రెవెన్యూ రికార్డుల్లో ఉండాలి.

విమానాలు ఎగరడం మొదలయ్యే సమయానికి నిర్మాణ కూలీల మస్టరు మూతపడుతూ ఉంటుంది. కొత్త ఉద్యోగాల ప్రకటన కూడా అప్పుడే వస్తుంది. టెర్మినల్లో, భద్రతలో, సరుకు రవాణాలో, శుభ్రతలో, టాక్సీల్లో ఎంతమంది ఉన్నారు, అందులో కాంట్రాక్టు కింద ఎందరు, ఈ రెండు జిల్లాల వారెందరు అన్నది విడివిడిగా అడగాలి. నిర్మాణంలో మొత్తం ఎన్ని పనిదినాలు నడిచాయో ఆ పక్కనే రాయాలి. మరడపాలెం, ముడసర్లపేట, బొల్లింకలపాలెం, రెల్లిపేట ఖాళీ చేసి గూడెపువలస, లింగాలవలస కాలనీలకు చేరిన కుటుంబాల జాబితాను ఆ కాలనీల్లోనే సభ పెట్టి చదవాలి. పేరు, కోరుకున్నది, అందినది, అందిన తేదీ వరుసగా చదువుతుంటే, అందులో ఏది నిజమో అక్కడ కూర్చున్నవాళ్లే చెబుతారు.