చెవి కింద గడ్డ: ఎం.ఆర్.ఐ. ఏమి చెబుతుంది?

చెవి కింద గాని, దవడ కింద గాని గడ్డ కనబడితే చాలామంది గవదబిళ్ళలనుకొని పసుపు పట్టు వేస్తారు. గవదబిళ్ళల వాపు సాధారణంగా జ్వరంతో వచ్చి, వారం పది రోజుల్లో తగ్గుతుంది. రెండు మూడు వారాలైనా తగ్గని గడ్డ లాలాజల గ్రంథిలో పెరిగిన కంతి కావచ్చు. నొప్పి లేదు గదా అని ఊరుకోకండి.

అలాగని భయపడనూ వద్దు. ఈ కంతులు ఎక్కువగా చెవి ముందు, చెవి కింద ఉండే పెరోటిడ్ గ్రంథిలో వస్తాయి. అక్కడి 10 కంతుల్లో సుమారు 8 క్యాన్సర్ కానివే. దవడ కింది గ్రంథిలో మాత్రం దాదాపు సగం క్యాన్సర్ కావచ్చు.

ఎం.ఆర్.ఐ. ఎలా తేడా చూపుతుంది?

మామూలు ఎం.ఆర్.ఐ.లో కంతి సైజు, లోతు, అంచులు తెలుస్తాయి. దానితోపాటు ఇప్పుడు రెండు ప్రత్యేక పద్ధతులున్నాయి.

1. డిఫ్యూజన్: ఇది కంతిలోని నీటి కదలికను చూస్తుంది. క్యాన్సర్‌లో కణాలు కిక్కిరిసి ఉంటాయి గనుక నీరు కదలడం కష్టం. ఎక్కువమందికి వచ్చే ప్లియోమార్ఫిక్ అడినోమా అనే కంతిలో నీరు తేలికగా కదులుతుంది. అయితే పొగ తాగేవారిలో ఎక్కువగా వచ్చే వార్తిన్ కంతి క్యాన్సర్ కాకపోయినా ఈ పరీక్షలో క్యాన్సర్‌లాగే కనబడవచ్చు.

2. మందు ఎక్కించి తీసే స్కాన్: రక్తనాళంలోకి గెడోలినియం మందు ఇచ్చి వెంటవెంటనే చిత్రాలు తీస్తారు. సాధారణంగా వార్తిన్ కంతి మందును త్వరగా పీల్చుకొని త్వరగా వదిలేస్తుంది. క్యాన్సర్ త్వరగా పీల్చుకొన్నా నెమ్మదిగా వదులుతుంది. ప్లియోమార్ఫిక్ అడినోమా నిదానంగా పీల్చుకుంటూ పోతుంది.

ఇంత చూసినా ఎం.ఆర్.ఐ. ఒక్కటే తుది మాట కాదు. సూదితో కణాలు తీసి పరీక్ష చేయించాలి. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న భయంతో ఈ పరీక్ష మానుకోకండి. క్యాన్సర్ కాదని తేలినా డాక్టరు ఆపరేషన్ చెబితే వాయిదా వేయకండి. ప్లియోమార్ఫిక్ అడినోమాను ఏళ్ళ తరబడి వదిలేస్తే కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది.

స్కాన్‌కు ముందు చెప్పవలసినవి: పేస్‌మేకర్, ఒంట్లో లోహపు ముక్కలు, కిడ్నీ జబ్బు, గర్భం.

వెంటనే డాక్టరును కలవండి:
• గడ్డ త్వరగా పెరుగుతున్నా, నొప్పి పుట్టినా
• మూతి వంకర పోయినా, కన్ను మూతపడకపోయినా
• మెడలో బిళ్ళలు కట్టినా