శుక్రవారం సంతకు వెళ్దాం రండి!

అరకు వెళ్ళొచ్చామని చెప్పేవాళ్ళు మనలో చాలామందే ఉంటారు. బొర్రా గుహలు చూశాం, రైల్లో పిల్లలు సొరంగాలు లెక్కపెట్టారు, బొంగు చికెన్ తిన్నాం, కాఫీపొడి కొనుక్కొచ్చాం అంటారు. "మరి సంత చూశారా?" అని అడగండి. "సంతా? అదెక్కడ?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. పాపం, వాళ్ళు వెళ్ళింది శుక్రవారం కాదన్నమాట!

ఈసారి మీరు ప్రయాణం పెట్టుకుంటే శుక్రవారం పొద్దుటికి అరకులోయలో ఉండేలా చూసుకోండి. గురువారమే చేరి రాత్రి అక్కడ ఉంటే మరీ మంచిది. ఆ ఒక్కరోజు సంతలో గడిపితే, కొండమీది ఆడవాళ్ళు ఇల్లు ఎలా నడుపుకొస్తున్నారో మీకే తెలుస్తుంది.

సరిహద్దు మనకే, సంతకు కాదు

అరకు ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. 2022లో జిల్లాలు విడదీసేదాకా విశాఖ జిల్లాలోదే. ఇక్కడికి కాస్త దూరంలోనే ఒడిశా. అయితే ఈ గీత మరీ పాతదేమీ కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా అవతలి కొరాపుట్, జయపురం ప్రాంతాలు కూడా మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలోనే ఉండేవి. గీత తర్వాత వచ్చింది. అంతకు ఎన్నో తరాల ముందునుంచే చుట్టాలు, పెళ్ళిసంబంధాలు, సంతలు ఉన్నాయి.

అందుకే సంతలో కాసేపు చెవులు రిక్కించి నిలబడితే చాలు, నాలుగైదు భాషలు వినిపిస్తాయి. భగతలు, వాల్మీకులు, కొండదొరలు, కొటియాలు, పోర్జాలు, గదబలు, ఖోండులు అందరూ వస్తారు. ఖోండుల కువి మన తెలుగులాగే ద్రావిడ భాష. గదబల గుతోబ్ మాత్రం ముండా భాషల కుటుంబానికి చెందింది, దానికీ మన తెలుగుకీ చుట్టరికం లేదు. మరి ఒకరి మాట ఒకరికి ఎలా తెలుస్తుంది? ఆదివాసీ ఒరియా అనే మాట్లాడే భాష ఒకటుంది. దాంట్లో కొంత, తెలుగులో కొంత కలిపి బేరాలు సాగిపోతాయి. "కేతె?" అంటే "ఎంత?" అని. "లుణ" అంటే ఉప్పు. ఈ రెండూ నేర్చుకుని వెళ్ళండి, కూర్చున్న అవ్వలు ఫక్కున నవ్వి మీకు చోటిస్తారు.

ముందు అమ్మకం, తర్వాతే కొనడం

సంత చూడాలంటే పొద్దున్నే వెళ్ళాలి. మగవాళ్ళు కావిళ్ళతోనూ, ఆడవాళ్ళు నెత్తిన గంపలతోనూ కొండదారుల్లోంచి దిగి వస్తూంటారు. ఇప్పుడు జీపులు, ఆటోలు వచ్చినా, రోడ్డుదాకా నడవక తప్పని ఊళ్ళు ఇంకా ఉన్నాయి.

మొదట జరిగేదంతా అమ్మకమే. కాలాన్నిబట్టి అల్లం, పసుపు, చింతపండు, పనస, అనాస, సీతాఫలాలు, రాజ్మా, వలిసెలు, చోళ్ళు, సామలు, కొండచీపుర్లు, అడ్డాకులు, కోళ్ళు. అమ్మగా చేతికొచ్చిన డబ్బు పట్టుకుని, పొద్దెక్కాక రెండో వరసకి వెళ్తారు. అక్కడ ఉప్పు, నూనె, ఉల్లిపాయలు, ఎండుచేపలు, సబ్బులు, గాజులు, అల్యూమినియం గిన్నెలు, చీరలు ఉంటాయి. ఈ దుకాణాలు చాలామటుకు మైదానంనుంచి వచ్చినవాళ్ళవి. అంటే వారం సరుకు మొత్తం ఆ పూట అమ్మిన గంపమీదే ఆధారపడి ఉంటుందన్నమాట. మనకి ఫస్టు తారీఖు ఎలాగో, వాళ్ళకి సంతరోజు అలాగ.

మీరు ఇంకో సంగతి కూడా గమనిస్తారు. సంతలోకి అడుగుపెట్టకముందే, రోడ్డు మలుపులో దళారులు కాపు కాస్తారు. గంప దించీ దించకముందే ఏదో ధర చెప్పి మొత్తం లాగేసుకుంటారు. వానాకాలంలో ఇంట్లో గింజలు నిండుకున్నప్పుడు అప్పు ఇచ్చిన షావుకారే అయితే ఇక కాదనే ప్రశ్నే లేదు. ఇలాంటి దోపిడీనుంచి కాపాడాలనే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. అదీ కొంటోంది, వీళ్ళూ కొంటూనే ఉన్నారు.

ఒక అల్లం కుప్ప కథ

మీ దగ్గర దాపరికం ఎందుకు, నేను మొదటిసారి వెళ్ళినప్పుడు చేసిన పని చెబుతాను. ఓ పెద్దావిడ అల్లం మూడు కుప్పలు పోసుకుని కూర్చుంది. కుప్ప యాభై అంది. మనకి అలవాటేగా! "మూడూ తీసుకుంటా, తొంభై ఇస్తా" అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. నేను లేచి నాలుగడుగులు వేశాను. వెనక్కి పిలిచి ఇచ్చేసింది. విశాఖలో ఇంత అల్లం ఎంతవుతుందో లెక్కలు వేసుకుంటూ మురిసిపోయాను.

మధ్యాహ్నం ఎండుచేపల దుకాణం దగ్గర మళ్ళీ కనిపించింది. కొట్టువాడు ఆకులో చేపలు పోసి ఇచ్చాడు. ఆవిడ చేతిలో నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని, సగం చేపలు తీసి వాడికి తిరిగి ఇచ్చేసింది. నన్ను చూసి, "ఇంకా బస్సెక్కలేదా అమ్మా?" అని పలకరించింది కూడా! ఆ అరవై రూపాయలు ఇచ్చేద్దామా అనుకున్నాను. ముష్టి వేసినట్టు ఉంటుందేమోనని చెయ్యి ఆడలేదు. "ఇంకా అల్లం ఉందా?" అని అడిగాను. "లేదమ్మా, అంతా నీకే ఇచ్చేశాను కదా" అంది.

మరి బేరం ఆడొద్దా?

ఎందుకు ఆడకూడదు? బేరం లేని సంత సంతేనా? కానీ ఎవరితో ఆడుతున్నామో చూసుకోవాలి. ప్లాస్టిక్ సామాను, చీరలు, పూసల దండలు బండ్లమీద పెట్టి అమ్మే వర్తకుడితో నిక్షేపంగా ఆడండి. ఒక్క గంపతో, ఒక్క కుప్పతో కూర్చున్న ఆడమనిషి దగ్గర మాత్రం చెప్పిన ధర ఇచ్చి, "కాస్త కొసరు వెయ్యమ్మా" అనండి. గుప్పెడు సంతోషంగా వేస్తుంది. ఆ కొసరుతో మీ ముచ్చటా తీరుతుంది, ఆవిడ మర్యాదా దక్కుతుంది.

కొలతల సంగతి కూడా తెలిసి ఉండాలి. గింజలు ఇప్పటికీ కొన్నిచోట్ల కొలిచే ఇస్తారు. రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. వ్యాపారి కొనేటప్పుడు గోపురంలా పేర్చి కొలుస్తాడు, అమ్మేటప్పుడు అంచుకి సమంగా చెయ్యి రాస్తాడు. ఏడాది పొడుగునా అలా ఎన్ని గుప్పెళ్ళు పోతాయో మీరే ఆలోచించండి. మనం కొనేటప్పుడు సమంగా ఉన్న కొలత చాలు.

ఏ కాలంలో ఏం కొనాలి?

* సంక్రాంతి వెళ్ళాక అల్లం, పసుపు బాగా దొరుకుతాయి. ఎండు పసుపుకొమ్ము విరిస్తే టక్కున విరగాలి, లోపల ముదురు నారింజరంగు ఉండాలి. వంగిందంటే ఇంకా పచ్చి ఉన్నట్టే. ఇంటికొచ్చాక ఎండబెట్టుకోండి.
* వేసవి మొదట్లో కొత్త చింతపండు వస్తుంది. గింజ తీసి, ఉప్పు కలిపి, జాడీలో గట్టిగా అదిమి పెట్టుకోవాలి.
* ఎండలు ముదిరాక పనస, ఆ తర్వాత అనాస. అనాసపండు అడుగున వాసన చూడండి, తియ్యగా ఉంటే పండినట్టు.
* దసరా, దీపావళి రోజుల్లో సీతాఫలాలు. కన్ను విచ్చుకున్న కాయలే తెచ్చుకోండి. చుట్టూ పచ్చగా పూసిన వలిసె చేలు చూడ్డానికి కూడా అదే కాలం.
* చలికాలంలో రాజ్మా. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, బాగా మెత్తగా ఉడికించాలి. పలుకుగా ఉంటే కడుపునొప్పి, వాంతులు వస్తాయి.
* తేనెకి నీళ్ళ పరీక్ష, వత్తి పరీక్ష నమ్మకండి. గిరిజన సహకార సంస్థ డిపోలో కొనుక్కోవడం మేలు.

చేతిలో గుడ్డసంచులు, పది ఇరవై రూపాయల నోట్లు ఉంచుకోండి. సిగ్నలు లేనిచోట ఫోను చూపిస్తే అల్లం రాదు మరి!

గీత అవతల

తీరిక ఉంటే ఒడిశా వైపు కూడా వెళ్ళొచ్చు. కొరాపుట్ జిల్లాలోని కుందులి సంత కూడా శుక్రవారమే, చాలా పెద్దది. మాచ్‌ఖండ్ దగ్గరి ఒనుకుడెల్లిలో గురువారం సంత. మెడనిండా లోహపు కడియాలు, ఒంటినిండా పూసలు ధరించే బొండా స్త్రీలు కొండ దిగి అక్కడికి వస్తారు.

వాళ్ళని చూడగానే ఫోను పైకెత్తకండి. మీరు కూరగాయలు కొంటూంటే ఎవరో వచ్చి మొహంమీద కెమెరా పెడితే ఎలా ఉంటుంది? ఇలాంటి తెగల దగ్గరకు వెళ్ళే పర్యాటకులమీద 2012లో ఒడిశా ప్రభుత్వం ఆంక్షలు కూడా పెట్టింది. మన అరకులో కూడా అంతే. పెద్ద వయసు గదబ అవ్వల చెవిరింగులు ముచ్చటగానే ఉంటాయి. అడగండి, ఒప్పుకుంటేనే తియ్యండి, తీశాక చూపించండి.

ఇంటికొచ్చాక: చోడి అంబలి

రాగుల్నే అక్కడ చోళ్ళంటారు. సంతకొచ్చేవాళ్ళు ఎండిన ఆనపకాయ బుర్రల్లో ఈ అంబలి పోసి తెచ్చుకునేవారు. ఇప్పుడు చాలామంది సీసాల్లో తెస్తున్నారు. మీరూ చేసి చూడండి.

కావలసినవి: చోడిపిండి ఒక కప్పు, బియ్యపు నూకలు అరకప్పు, నీళ్ళు ఎనిమిది కప్పులు, ఉప్పు, మజ్జిగ, ఉల్లిపాయ.

చేసే విధానం: రాత్రి చోడిపిండిని రెండు కప్పుల నీళ్ళలో జారుగా కలిపి మూతపెట్టి ఉంచండి. తెల్లారేసరికి కాస్త పులుస్తుంది. మిగతా ఆరు కప్పుల నీళ్ళు మరిగించి నూకలు మెత్తగా ఉడికించాలి. మంట తగ్గించి, పులిసిన పిండి పోస్తూ ఉండకట్టకుండా కలుపుతూండాలి. పది పదిహేను నిమిషాల్లో చిక్కబడి నిగనిగలాడుతుంది. దించి చల్లారాక ఉప్పు, మజ్జిగ కలిపి, ఉల్లిపాయ నంజుకుని తాగడమే. ఎండాకాలంలో మధ్యాహ్నందాకా ఆకలి వెయ్యదు.

నంజుకోవడానికి ఎండుచేప ఉంటే మరీ రుచి. ఆ పెద్దావిడ సగం తిరిగిచ్చిన చేపలు అందుకోసమే కొనుక్కుంది. ఈసారి వెళ్తే ఆవిడ కుప్పలు ఎక్కడున్నాయో ముందు వెతుక్కుంటాను. మీరు నాకన్నా ముందే వెళ్తే, అల్లం చెప్పిన ధరకే కొనండి, సరేనా?