ఉప్పు అమ్మిన రాజు

రాజుల చరిత్ర అనగానే మనకు కోటలు, యుద్ధాలు, బిరుదులు గుర్తుకొస్తాయి. కానీ పాలేరుగా పనిచేసి, ఉప్పు అమ్మి, చేయని నేరానికి దెబ్బలు తిని, తర్వాత సింహాసనం ఎక్కిన రాజు ప్రాచీన కొరియాలో ఒకడున్నాడు. ఆయనే మిచొన్. క్రీ.శ. 300 నుండి 331 వరకు గోగుర్యో రాజ్యాన్ని పాలించాడు. నేటి ఉత్తర కొరియా, ఈశాన్య చైనా ప్రాంతాల్లో ఉండేది ఆ రాజ్యం. 1145లో కిమ్ బు-సిక్ కూర్చిన 'సంగుక్ సాగి' అనే చరిత్ర గ్రంథంలో ఆయన కథ ఉంది.

ఆయన చిన్నప్పటి పేరు ఉల్‌బుల్. రాజైన పెదనాన్న బోంగ్‌సాంగ్ అనుమానంతో 293లో సొంత తమ్ముణ్ణే, అంటే ఉల్‌బుల్ తండ్రిని, చంపించాడు. ఉల్‌బుల్ ప్రాణభయంతో పారిపోయి, ఒక ఊళ్లో ఆసామి ఇంట పాలేరుగా కుదిరాడు. పగలంతా కట్టెలు కొట్టాలి. రాత్రి ఇంటి పక్క మడుగులో కప్పలు అరవకుండా రాళ్లు విసురుతూ కూర్చోవాలి. యజమానికి నిద్ర పట్టాలి కదా! పాలేరు నిద్ర సంగతి ఎవరికి కావాలి? సెలవుల్లో కూలికి వెళ్లొచ్చే మన మిత్రులకు ఈ భాగం విడమరచి చెప్పనక్కరలేదు.

ఏడాది తిరిగాక అక్కడి నుండి వెళ్లిపోయి, తోడు ఒకణ్ణి కలుపుకొని ఉప్పు వ్యాపారం మొదలుపెట్టాడు. అమ్నోక్ నది దగ్గర బస చేసిన ఇంట్లో ముసలమ్మ ఉప్పు అడిగితే ఇచ్చాడు. మళ్లీ అడిగితే లేదన్నాడు. ఆమె కోపంతో తన చెప్పులు అతని ఉప్పులో దాచి, దొంగతనం మోపింది. అధికారి ఉప్పు ఆమెకిప్పించి, ఇతన్ని కొట్టించి పంపాడు. బట్టలు చిరిగి, మనిషి చిక్కిపోయాడు. చూసినవాళ్లెవరూ రాజవంశీకుడని అనుకోలేదు.

300లో వానలు లేక కరువొచ్చింది. అలాంటి ఏట కూడా బోంగ్‌సాంగ్ పదిహేనేళ్లు దాటిన ఆడామగా అందరినీ రాజభవనం మరమ్మతు పనులకు వెట్టికి తోలాడు. మంత్రి చాంగ్ జోరి వద్దని చెప్పినా వినలేదు. అప్పుడు మంత్రి ఉల్‌బుల్‌ను వెతికించాడు. ఒక పడవలో దొరికాడు. నేను పల్లెటూరివాణ్ని, రాజకుమారుణ్ని కానన్నాడట! వేటకు వెళ్లినప్పుడు మంత్రి తన టోపీలో రెల్లు ఆకు పెట్టుకుంటే, మిగతావాళ్లూ పెట్టుకున్నారు. అదే తిరుగుబాటుకు గుర్తు. బోంగ్‌సాంగ్‌ను బంధించారు. అతను ఉరేసుకున్నాడు.

మిచొన్ 302లో 30,000 సైన్యంతో చైనీయుల అధీనంలోని హ్యోందోపై దాడి చేసి 8,000 మందిని బందీలుగా తెచ్చాడు. 313లో నాంగ్నాంగ్‌ను పట్టుకున్నాడు. చైనీయులు క్రీ.పూ. 108లో పెట్టిన ఆ పాలన నాలుగు వందల ఏళ్ల తర్వాత అలా ముగిసింది. కొరియా చరిత్రలో ఇది పెద్ద మలుపే. అయితే మాకు ఒక వెలితి కనిపిస్తుంది. ఆయన పాలన గురించి ఆ గ్రంథం రాసిందంతా దాదాపు యుద్ధాలే. పాలేర్లకు, వెట్టివాళ్లకు ఏం చేశాడో అందులో లేదు. బందీలైన ఆ ఎనిమిది వేల మంది గోడు కూడా లేదు.

చనిపోయాక కూడా ఆయనకు స్థిమితం దొరకలేదు. 342లో మురోంగ్ హువాంగ్ అనే రాజు దండెత్తి సమాధి తవ్వించి, శవాన్ని ఎత్తుకుపోయాడు, రాణిని కూడా చెరపట్టాడు. మరుసటి ఏడు కొడుకు కానుకలు పంపితే శవాన్ని తిరిగిచ్చారు. రాణిని మాత్రం 355 దాకా వదల్లేదు.