ఆడవేషం, ముసలివేషం: నిర్మలమ్మ నటజీవితం

నిర్మలమ్మ అనగానే తెలుగు ప్రేక్షకుడికి సినిమా బామ్మ జ్ఞాపకం వస్తుంది. ఆమె మచిలీపట్నంలో పుట్టిన మనిషి అనీ, సినిమాకు ముందే నాటకాల్లో నటించిందనీ చెప్పేవాళ్ళు కూడా ఆ సంగతిని ఒక్క వాక్యంతో దాటేస్తారు. నా దృష్టిలో ఆగి చూడవలసిన చోటు అదే.

ఆమె రంగస్థలం ఎక్కేనాటికి కృష్ణా డెల్టాలో స్త్రీపాత్ర చాలావరకు మగవాడి సొత్తు. దివిసీమకు దగ్గరలోని కూచిపూడిలో సత్యభామ వేషం తరతరాలుగా పురుషులదే. వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) దానితోనే దేశమంతటా ఖ్యాతి గడించారు. గుడివాడ ప్రాంతపు కుర్రవాడు అక్కినేని నాగేశ్వరరావు నాటకాల్లో పేరు తెచ్చుకున్నదీ ఆడవేషాలతోనే. వారి కౌశలాన్ని కాదనను. కాని ఆ ఏర్పాటుకు మూలం కౌశలం కాదు. సంసారపక్షపు స్త్రీ నలుగురి ముందు నిలబడితే పరువుపోతుందన్న భూస్వామ్య నీతి. వేదికెక్కిన కళావంతుల స్త్రీలను చిన్నచూపు చూసిందీ ఆ నీతే.

సాంఘిక నాటకం ఈ ఏర్పాటును ఇరుకున పెట్టింది. పద్యమూ రాగమూ నడిపించే పౌరాణికంలో మగగొంతు చెల్లింది. బియ్యం నిండుకున్న ఇంట్లో ఇల్లాలు ఆడే మాటకు అది చెల్లలేదు. ‘కరువు రోజులు’ వంటి నాటకాలలో నిర్మలమ్మ నటించడాన్ని ఈ మార్పులో భాగంగా చూడాలి.

సినిమా సంగతి వేరు. ‘గరుడ గర్వభంగం’ (1943)లో ఆమెకు దొరికింది చిన్నవేషం. మరుసటి ఏడే ‘సీతారామ జననం’లో నాగేశ్వరరావు రాముడయ్యారు. ఇద్దరిదీ దాదాపు ఒకే తరం. యాభైకి దగ్గరపడినా ‘ప్రేమనగర్’ (1971)లో ఆయన ప్రేమికుడే. పదేళ్ళ తర్వాత ‘ప్రేమాభిషేకం’లోనూ ప్రేమికుడే! ఆమెకు మాత్రం తల్లివేషం, ఆ తర్వాత బామ్మవేషం. ఇది ఆయన తప్పనడం లేదు. నాయకుడి వయస్సును దాచి, నటి వయస్సును పెంచి అమ్ముకున్నది సినిమా వ్యాపారం.

అయినా ఆ ఇరుకులోనే ఆమె నాటకానుభవం పనిచేసింది. ‘మయూరి’ (1985)లో, ‘స్వాతిముత్యం’ (1986)లో ఆమె బామ్మలను చూడండి. కన్నీళ్ళకన్న పలుకుమీద ఆధారపడ్డ నటన అది. మాట ఎక్కడ విరవాలో, ఎదుటివాడి మాట ఎలా వినాలో తెలిసిన నటి. ‘స్వాతిముత్యం’లో అమాయకుడైన మనుమడిని వెనకేసుకొచ్చేటప్పుడు ఆ గొంతులో దీనత్వం కన్న పెత్తనమే ఎక్కువ.

ఆమె 2009లో మరణించింది. బామ్మ వేషాలన్నీ రీళ్ళలో భద్రంగా ఉన్నాయి. రంగస్థలం మీది నిర్మల మాత్రం ఏ రీలులోనూ లేదు.