కాలెందుకు గుంజుతుంది?

జహీరాబాద్ ఎర్రనేలల్లో ఆలుగడ్డ తవ్వే రోజులొచ్చాయంటే మా గల్లీలో నడుం పట్టుకుని నడిచేవాళ్లు ఎక్కువవుతారు. మొన్న పక్కింటి పిలగాడు, ఇంకా ముప్పై నిండలేదు, ఎమ్మారై ఫిల్ము చంకన పెట్టుకుని వచ్చాడు. ‘‘తాతా, డిస్కు బయటికొచ్చిందంట. నడుం కంటె కాలే ఎక్కువ గుంజుతుంది. ఇగ బస్తా ఎత్తుడు బందేనా?’’

‘‘కూసో బిడ్డా’’ అన్నాను. ‘‘వద్దు తాతా, కూసుంటెనే ఎక్కువైతది’’ అని గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

సగం శాస్త్రం ఆ జవాబులోనే ఉంది. 1960లలో స్వీడన్‌లో ఆల్ఫ్ నాకెమ్‌సన్ అనే ఎముకల డాక్టరు మనుషుల నడుం డిస్కులోకి సూది పంపి లోపలి ఒత్తిడి కొలిచాడు. పడుకున్నప్పుడు అన్నిటికంటే తక్కువ, నిలబడితే ఎక్కువ, ముందుకు వంగి కూర్చుంటే ఇంకా ఎక్కువ.

మన వెన్నులో ఇలాంటి డిస్కులు 23. ఒక్కోటి పూర్ణం బూరె అనుకోండి. బయట గట్టి నారపొరలు, లోపల నీళ్లు నిండిన గుజ్జు. ఏళ్లు గడిచేకొద్దీ పొరలకు పగుళ్లు పడతాయి. ఒకరోజు ఏ గంపో ఎత్తుతుంటే గుజ్జు వెనక్కి పొంగి, పక్కనే దిగుతున్న నరాన్ని తాకుతుంది. ఎక్కువగా ఈ గొడవ అట్టడుగు రెండు డిస్కుల్లోనే. అక్కడి నరాలు పిర్ర, తొడ, పిక్క మీదుగా పాదం దాకా పోతాయి. దెబ్బ నడుం దగ్గరే తగిలినా, కబురు పిక్క నుంచే వచ్చిందని మెదడు అనుకుంటుంది. అందుకే కాలు గుంజడం.

గంపలో 20 కిలోల ఆలుగడ్డ ఉందనుకుందాం. వంగి, వెన్నుకు 50 సెంటీమీటర్ల దూరాన పట్టుకున్నాం. వెన్ను కండరాలు డిస్కుకు వెనక సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. దూరం పదో వంతు కాబట్టి, ఆ గంపను నిలపడానికి అవి దాదాపు 200 కిలోల బరువుకు సరిపడా లాగాలి. మన ఒంటి బరువు సంగతి వేరే. అదే గంపను పొట్టకు హత్తుకుని 25 సెంటీమీటర్లకు తెస్తే 100 చాలు.

అయినా తప్పంతా బస్తాది కాదు. ఫిన్లాండ్‌లో ఒకేలాంటి కవల సోదరులను పరీక్షించారు. ఒకరు బరువులు మోసే పని చేసినా, ఇంకొకరు చేయకపోయినా, ఇద్దరి డిస్కులూ చాలావరకు ఒకేలా అరిగాయి. తల్లిదండ్రుల నుంచి వచ్చేది అంత గట్టిది. ట్రాక్టరు నడిపేవాళ్లకు మరో బాధ. కూర్చున్న మనిషి వెన్ను సెకనుకు 4 నుంచి 6 ఊపుల దగ్గర బాగా అదురుతుంది. చేలో ట్రాక్టరు సీటు ఊగేదీ ఆ దరిదాపుల్లోనే. ట్రాక్టర్లు తయారయ్యే ఊరు మనది, కాబట్టి చెప్పక తప్పదు.

‘‘మరి ఆపరేషనా?’’ అన్నాడు. ఆ గుజ్జు పుట్టినప్పటి నుంచీ నెత్తురుతో పరిచయం లేనిది. బయటికి రాగానే ఒంట్లోని తెల్లకణాలు పరాయిదని పట్టి తినేస్తాయి. పెద్ద ముక్క పూర్తిగా బయటపడితేనే కరిగే అవకాశం ఎక్కువ. 2007లో నెదర్లాండ్స్ డాక్టర్లు 283 మంది మీద చూశారు. తొందరగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు కాలినొప్పి ముందే తగ్గింది. ఏడాది తిరిగేసరికి, ఆగి చూసినవాళ్లూ దాదాపు సమానమయ్యారు. అలా ఆగినవాళ్లలో వందకు 39 మంది చివరికి ఆపరేషన్‌కే వెళ్లారు, ఆ సంగతీ దాచకూడదు.

ఫిల్ము చూసి గుండె జారవిడుచుకోవద్దు. 1994లో అమెరికాలో, నడుం నొప్పే లేని 98 మందికి ఎమ్మారై తీస్తే వందకు 64 మంది డిస్కుల్లో ఏదో ఒక తేడా కనిపించింది. వాళ్లంతా హాయిగా తిరుగుతున్నవాళ్లే.

ఇంకో రకం మనుషులుంటారు. గుజ్జు కరిగింది, ఫిల్ము బాగుంది, నొప్పి మాత్రం ఏడాదైనా వదల్లేదు. మూడు నెలలు దాటిన నొప్పి తీరే వేరు. 1983లో లండన్‌లో క్లిఫర్డ్ వుల్ఫ్ ఎలుకల మీద చూపించింది ఇదే: దెబ్బ తగిలాక వెన్నుపాములోని నరకణాలు చురుకెక్కి, మామూలు తాకుడుకీ నొప్పి కబురు పంపుతాయి. దానికి నిద్రలేమి, అప్పు బెంగ, ‘వంగితే విరుగుతుందేమో’ అన్న భయం తోడవుతాయి. భయంతో మంచం పడితే కండ కరుగుతుంది, నొప్పి పెరుగుతుంది. ఇంట్లోవాళ్లు ‘నటిస్తుండు’ అంటారు. నటన కాదమ్మా, ఆ నొప్పి అచ్చంగా నిజం. కాకపోతే దాని మందు డిస్కులో లేదు. నడకలో, మెల్లగా పెంచే వ్యాయామంలో, నిద్రలో ఉంది. నడుం బెల్టు నాలుగు రోజులకైతే సరే, నెలల తరబడి బిగించుకు తిరగడం నాకు నచ్చదు.

పిలగాడికి చెప్పింది ఇంతే: ఇప్పటికి బస్తా వద్దు, రోజూ నడువు, తగ్గాక చిన్న గంపతో మొదలుపెట్టు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. మూత్రం ఆగినా, తెలియకుండా పోయినా, కూర్చునే చోట మొద్దుబారినా, రెండు కాళ్లూ పట్టు తప్పినా తెల్లారేదాకా చూడొద్దు. హైవే మీద హైదరాబాద్ దాదాపు 100 కిలోమీటర్లు, అర్ధరాత్రైనా బండెక్కు.