జరీకి థర్మాకోల్ వెలుగు

ధర్మవరంలో మా పిన్ని నేసిన పట్టుచీర వెనక్కొచ్చింది. ‘ఫొటోలో రంగు వేరు’ అన్నారట. తప్పు నాదే. ఫ్లాష్ నేరుగా కొట్టా. జరీ తెల్లగా మెరిసి, మెరూన్ వెలిసిపోయింది.

ఈసారి చౌక సామాన్లు తెచ్చి పరీక్షించా. ఫ్లాష్‌కి తొడిగే ప్లాస్టిక్ డబ్బా మరీ చిన్నది, మెరుపు తగ్గలేదు. తెల్ల గొడుగు బాగుంది గానీ, వాకిట్లో మన అనంతపురం గాలికి స్టాండుతో సహా పడింది. ఇంట్లో గోడకు కొడితే ఆ నీలం చీరకు అంటింది.

చివరికి గెలిచింది స్టేషనరీ షాపు థర్మాకోల్ షీటు! ఫ్లాష్‌ను దానివైపు తిప్పితే జరీ గీతలు విడివిడిగా కనిపించాయి.

కిటుకొకటే: వెలుగొచ్చే చోటు ఎంత పెద్దగా, దగ్గరగా ఉంటే నీడలంత మెత్తన. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతే.

ఫొటో చూసి పిన్ని, “ఇదీ రా నా చీర!” అంది.