ఉద్యోగుల సహప్రయాణం – ఉచిత పార్కింగ్: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

ఉద్యోగి ఒంటరిగా కారులో కార్యాలయానికి వెళ్ళే అలవాటును మాన్పించే ప్రయత్నాలకు ఎనభై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో రబ్బరు, పెట్రోలు కొరత ఏర్పడినప్పుడు, ఒంటరిగా కారు నడిపేవాని పక్కన హిట్లర్ కూర్చున్నట్లు చిత్రించిన గోడపత్రికను అమెరికా ప్రభుత్వం 1943లో ప్రచారంలో పెట్టింది. 1973లో మిన్నెసోటాలోని త్రీఎమ్ సంస్థ తన ఉద్యోగులకు వ్యాన్లు సమకూర్చి సామూహిక ప్రయాణానికి దారి చూపింది. ఇంత కృషి జరిగినా ఫలితం నిలువలేదు. 1980లో అమెరికా ఉద్యోగుల్లో దాదాపు 20 శాతం మంది ఇతరులతో కలిసి కారులో వెళ్ళేవారు; 2010 నాటికి వారు దాదాపు 10 శాతానికి తగ్గారు. పెట్రోలు చవక కావడం, ఇంటికి రెండో కారు రావడం, నివాసాలు ఊరి వెలుపలికి విస్తరించడం ఇందుకు కారణాలుగా చెప్పవచ్చు. అయితే ఇవన్నీ ఉద్యోగి వైపు కారణాలు. యాజమాన్యం తన చేతులతో తానే ఇస్తున్న ప్రోత్సాహకం ఒకటి ఉంది. అదే ఉచిత పార్కింగ్.

దాగి ఉన్న వేతనం:

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, లాస్ ఏంజెలిస్‌లో ఆచార్యుడిగా పనిచేసిన డోనాల్డ్ షూప్ తన పరిశోధన జీవితంలో అధికభాగాన్ని ఈ విషయానికే వెచ్చించాడు. ఆయన వాదం సరళమైనది. కారు నిలిపే చోటుకు వెల ఉంది. దాన్ని వాడుకొనేవాడు చెల్లించకపోతే మరెవరో చెల్లిస్తున్నారని అర్థం. ఉదాహరణకు ఒక చోటుకు సంస్థ నెలకు మూడు వేల రూపాయలు అద్దె కడుతున్నదనుకొందాం. ఒంటరిగా కారులో వచ్చే ఉద్యోగికి ఆ మూడు వేలూ దక్కుతాయి. ఇద్దరు కలిసి వస్తే తలకు పదిహేను వందలు. బస్సులో వచ్చేవానికి, నడిచి వచ్చేవానికి ఏమీ లేదు. 'కలిసి ప్రయాణించండి' అని గోడమీద ప్రకటన అంటించిన సంస్థే, కలిసి వచ్చినవారికి సగం కోత విధిస్తున్నదన్నమాట. జీతపు పట్టీలో ఈ మొత్తం కనిపించదు గనుక ఎవరూ ప్రశ్నించరు.

ఈ అసమానతను సవరించడానికి కాలిఫోర్నియా 1992లో ఒక చట్టం చేసింది. పార్కింగ్ చోటు వద్దనుకొన్న ఉద్యోగికి దాని విలువను నగదుగా ఇవ్వాలన్నదే దాని సారం. చట్టం కారును నిషేధించలేదు. కోరుకొనే అవకాశాన్ని మాత్రమే ఇచ్చింది. దీన్ని అమలు చేసిన ఎనిమిది సంస్థలను పరిశీలించి షూప్ 1997లో ఫలితాలు ప్రకటించాడు. ఒంటరిగా కారు నడిపేవారు 76 శాతం నుండి 63 శాతానికి తగ్గారు. సహప్రయాణికులు 14 నుండి 23 శాతానికి పెరిగారు. ఉద్యోగుల రాకపోకల వాహన ప్రయాణదూరం 12 శాతం తగ్గింది. సంస్థలపై పడిన అదనపు భారం సగటున ఒక్కో ఉద్యోగికి నెలకు రెండు డాలర్లే. ఎనిమిది సంస్థలు చిన్న నమూనాయే. అయినా ఎనభై ఏళ్ళ ప్రబోధం సాధించలేనిదాన్ని చిన్న లెక్క సవరణ సాధించిందన్నది గమనార్హం.

డబ్బు ఒక్కటే చాలదు. పిల్లవానికి జ్వరమని బడి నుండి మధ్యాహ్నం కబురు వస్తే, కారు తెచ్చిన సహోద్యోగి సాయంత్రం వరకు కదలకపోతే ఏం చేయాలి? ఈ భయానికి విరుగుడుగా అమెరికాలో అనేక సంస్థలు అత్యవసర సమయంలో టాక్సీ ఖర్చు భరిస్తామని హామీ ఇస్తాయి. ఆ హామీని వాడుకొనేవారు తక్కువే. అది ఉన్నదన్న ధీమాయే పనిచేస్తుంది.

హైదరాబాదు సందర్భం:

ఈ నమూనాను హైదరాబాదు ఐటీ ప్రాంతానికి యథాతథంగా అన్వయించలేము. కాలిఫోర్నియా చట్టం ప్రధానంగా అద్దెకు తీసుకొన్న చోట్లకే, అదీ సంస్థ నష్టం లేకుండా వదులుకోగలిగిన వాటికే వర్తిస్తుంది. కార్యాలయ అద్దెలోనే పార్కింగ్ కలిసి ఉన్నచోట, ఉద్యోగి చోటు వదులుకొన్నా సంస్థకు మిగిలేదేమీ ఉండదు. కనుక ముందుగా విడదీయవలసినది అద్దె ఒప్పందాన్ని. పైగా ఇక్కడ ఒంటరి ప్రయాణమంటే కారు మాత్రమే కాదు, ద్విచక్రవాహనం కూడా. అది ఆక్రమించే చోటు స్వల్పం. దానికి లెక్కగట్టే నగదూ స్వల్పమే.

కలిసి ప్రయాణించడం తెలుగు నగరాలకు కొత్తదేమీ కాదు. షేర్ ఆటో చేస్తున్నది అదే. రాత్రి షిఫ్టు ఉద్యోగినులను ఇంటి వద్ద దింపే కంపెనీ క్యాబ్ కూడా సహప్రయాణమే. 2019 నవంబరులో మెట్రో రాయదుర్గం చేరిన తరువాత స్టేషను నుండి కార్యాలయం వరకు మిగిలే చివరి కొద్ది దూరమే అసలు చిక్కుగా మారింది. ఆ దూరానికి షటిల్ బస్సు నడపడం, సహప్రయాణ ప్రచారానికి చేసే ఖర్చు కంటే ఎక్కువ మందిని కారు దించగలదు.

చట్టపరమైన సందిగ్ధత ఒకటి మిగిలే ఉంది. తెల్ల నంబరు పలక గల సొంత వాహనాన్ని పర్మిట్ లేకుండా కిరాయికి నడపరాదు. 2020లో కేంద్రం జారీ చేసిన మార్గదర్శకాలు, రాష్ట్ర ప్రభుత్వం నిషేధించని పక్షంలో, సొంత కార్లలో సహప్రయాణాన్ని పరిమిత సంఖ్యలో అనుమతించాయి. పెట్రోలు ఖర్చు పంచుకోవడం ఎక్కడ ముగిసి కిరాయి ఎక్కడ మొదలవుతుందన్న గీత స్పష్టమైనప్పుడే, సహోద్యోగిని ఎక్కించుకొనే ఉద్యోగి రవాణాశాఖ తనిఖీకి జంకకుండా ఉండగలడు.